నేను చెప్పిన నీలి రక్తం పాఠం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, డిగ్రీ మార్కుల జాబితా చేతికొచ్చిన రెండు నెలలకే నలభై మంది పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడే యోగం పట్టినవాళ్ళు ఎవరికైనా అలాగే ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. పిల్లలు ఏదైనా అడిగితే "తెలియదు" అనే జవాబు కూడా ఒకటుంటుందన్న సంగతి నాకు తోచేదే కాదు. బీఈడీ సీటు వచ్చేదాకా ఇంట్లో ఖాళీగా కూర్చోవడం దేనికని మా నాన్న తెలిసినవాళ్ళతో చెప్పి తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేర్పించారు. రోజూ పొద్దున్నే విస్సన్నపేటలో బస్సెక్కేదాన్ని. వయసు కాస్త ఎక్కువగా కనబడాలని అమ్మ నేతచీరలు కట్టుకునేదాన్ని (అవి నాకు జానెడు పొట్టి అయ్యేవి, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు). బస్సులో కూర్చుని ఆ రోజు పాఠం ఒకసారి తిరగేస్తే చాలు, ఇక ప్రపంచంలో నన్ను పట్టుకోగలిగేవాళ్ళు లేరనే ధీమాతో దిగేదాన్ని.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. నాకు సూదంటే ప్రాణభయం. చిన్నప్పుడు స్కూలుకి టీకాలవాళ్ళు వచ్చిన రోజున బెంచీ కింద దూరి, సాయంత్రం బెల్లు కొట్టినా బయటికి రాలేదట. డిగ్రీలో బ్లడ్ గ్రూపు చూసుకునే ప్రాక్టికల్ రోజున నా వేలికి బదులు నా స్నేహితురాలి వేలినే రెండుసార్లు గుచ్చించి, రికార్డులో ఆమె గ్రూపునే నాదిగా రాసుకున్నాను. (ఆమె ఇప్పటికీ ఈ విషయం గుర్తుచేస్తూనే ఉంటుంది.) అంటే జంతుశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్న నేను, ఒంట్లోంచి తీసిన రక్తాన్ని అప్పటిదాకా కళ్ళు తెరిచి చూసింది లేదన్నమాట. ఇది తెలిస్తే తర్వాత జరిగింది మీకు అంత వింతగా అనిపించదు.

ఎనిమిదో తరగతిలో రక్తప్రసరణ పాఠం. నల్లబల్ల నిండా గుండె బొమ్మ వేశాను. ధమనులకు ఎర్ర చాక్‌పీసు, సిరలకు నీలం చాక్‌పీసు. బొమ్మ బాగా కుదరడంతో నాకు హుషారొచ్చింది. "ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువు తీసుకొచ్చేది మంచి రక్తం, అది ఎర్రగా ఉంటుంది. ఒళ్ళంతా తిరిగి ప్రాణవాయువు అయిపోయాక వెనక్కి వచ్చేది చెడు రక్తం, అది నీలంగా ఉంటుంది. కావాలంటే మీ మణికట్టు చూసుకోండి" అన్నాను. నలభై మందీ చేతులు వెనక్కి తిప్పి చూసుకున్నారు. నిజమే, నీలంగానే ఉన్నాయి. "అవును టీచర్" అని ఒక్క గొంతుతో అన్నారు. అప్పుడు మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

ఆ అమ్మాయిని స్టాఫ్ రూములో అందరూ 'అయితే' అనేవాళ్ళు. ఏ మాటైనా "అయితే టీచర్" అని మొదలుపెట్టడం ఆమెకు అలవాటు. సన్నగా, రెండు జడలతో, నవ్వకుండా మన ముఖంలోకి చూస్తూ అడిగేది. తెలుగు మాస్టారు ఆ పిల్ల లేచిందంటే కిటికీలోంచి బయటికి చూసేవారు.

"అయితే టీచర్, మోచెయ్యి గీరుకుపోయినప్పుడు నీలం రక్తం రాదేం?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. నేను ఎనిమిది చదివేటప్పుడు మా ట్యూషన్ మాస్టారు చెప్పిందే. "బయట గాలి తగలగానే ఎర్రబడిపోతుందమ్మా. గాలిలో ప్రాణవాయువు ఉంది కదా" అన్నాను. క్లాసంతా మెచ్చుకోలుగా చూసింది.

"అయితే టీచర్, మా అమ్మ ల్యాబులో రక్తం తీసే ట్యూబులో గాలే ఉండదు. అందుకే రక్తం దానంతటదే లోపలికి లాక్కుంటది. దాంట్లో కూడా ఎర్రగానే ఉంటదిగా."

ఈ మాటకి ఏమనాలో మా ట్యూషన్ మాస్టారు చెప్పి ఉండలేదు. ఆ క్షణంలో "అవునా, చూద్దాం" అని ఉంటే ఈ కథే లేదు. కానీ నలభై జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. పొట్టి చీరలో నిటారుగా నిలబడి, "సూదిలో కాస్తయినా గాలి ఉంటుంది. కూర్చో" అన్నాను. కూర్చుంది. నమ్మలేదని మాత్రం ముఖంలో స్పష్టంగా తెలుస్తోంది.

వ్యవహారం అక్కడితో ఆగినా బాగుండేది. యూనిట్ టెస్టులో 'సిరలలోని రక్తం ఏ రంగులో ఉంటుంది' అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చాను (నా బొమ్మ మీద నాకున్న మమకారం అలాంటిది). అందరూ నీలం అని రాశారు. ఆ పిల్ల మాత్రం "ముదురు ఎరుపు. నేను చూశాను" అని రాసింది. ఆ రెండో వాక్యం చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. పరీక్ష పేపర్లో సాక్ష్యం చెప్పడమేంటి అనుకుని, ఇంటూ కొట్టి, పక్కన "పాఠం శ్రద్ధగా వినలేదు" అని రాశాను. ఆ ఒక్క మార్కుతో ఆ అమ్మాయికి మొదటి ర్యాంకు పోయి, ఎరువుల దుకాణం వాళ్ళబ్బాయికి వచ్చింది. నాకా లెక్క తట్టనే లేదు.

పేపర్లు ఇచ్చిన మర్నాటి నుంచి ఆ అమ్మాయి 'అయితే' అనడం మానేసింది. నేను పాఠం చెబుతుంటే రాసుకునేది, అడిగితే జవాబు చెప్పేది, అంతే. మొదటి రెండు రోజులు నాకు హాయిగా ఉంది. పాఠాలు చకచకా అయిపోతున్నాయి. మూడో రోజుకి ఏదో వెలితిగా అనిపించింది. జీర్ణవ్యవస్థ చెబుతూ ఒకచోట కావాలనే ఆగాను, ఇక్కడ లేస్తుందిలే అని. లేవలేదు. క్లాసు మొత్తం నా మాటలు నాకే అప్పజెబుతున్నట్టు కూర్చుంది. నేను వాళ్ళకి నేర్పుతున్నానో, వాళ్ళు నన్ను భరిస్తున్నారో అర్థం కాలేదు.

ఆ ఆదివారం తల్లిదండ్రుల సమావేశం. వాళ్ళమ్మ వచ్చింది. బస్టాండు దగ్గరి ల్యాబులో రక్తం తీసేది ఆవిడే. ఊళ్ళో అందరికీ ల్యాబ్ అక్క. పొద్దున చర్చికి వెళ్ళి అటు నుంచి అటే వచ్చినట్టుంది, తెల్లచీర కట్టుకుని, చేతిలో ఆ పరీక్ష పేపరు మడతపెట్టి పట్టుకుంది. నాతో పోట్లాడుతుందేమోనని నేను లోపల నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. ఆవిడ పోట్లాడలేదు.

"మేడం గారూ, మార్కు కోసం రాలేదండి. మా పిల్ల అబద్ధం రాయదు. చూసిందే రాసింది. అది వారం నుంచి ఇంట్లో కూడా ఏమీ అడగట్లేదండి. పొద్దస్తమానం నన్ను తినేసేది, ఇప్పుడు నోరు మెదపట్లేదు. అందుకని వచ్చాను" అంది.

పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ గారు కలగజేసుకున్నారు. ఆయన చెప్పేది సోషల్. "అమ్మా, మేడం పుస్తకంలో ఉన్నదే చెబుతారు కదా" అన్నారు నావైపు చూసి. "ఉందండి" అన్నాను నేను ధైర్యంగా.

ఆ మధ్యాహ్నం బస్సులో పుస్తకం తీశాను. పాఠం మొదటి నుంచి చివరిదాకా చదివాను. రక్తం నీలంగా ఉంటుందని ఎక్కడా లేదు. బొమ్మలో సిరలు నీలంగా ఉన్నాయి, నిజమే. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో, తేడా తెలియడానికి రెండు రంగులు వాడినట్టు రాసి ఉంది. అంత చిన్న అక్షరాలు వాళ్ళు ఎందుకు వేస్తారో నాకు తెలియదు. ఆ వాక్యం నేను ఎనిమిదో తరగతి నుంచీ, మూడు రకాల పుస్తకాల్లో, చూడకుండా దాటేసి ఉంటాను.

ఇక అక్కడి నుంచి నాకు మనుషుల ముఖాలు కనబడటం మానేసి చేతులే కనబడటం మొదలైంది. కండక్టర్ టికెట్టు చింపి ఇస్తుంటే ఆయన మణికట్టు చూశాను. నల్లటి చర్మం కింద ఆకుపచ్చగా ఉన్నాయి నరాలు. (పుస్తకంలో సిరలంటాం గానీ ఊళ్ళో ఎవరికైనా అవి నరాలే.) పక్కసీటులో మామిడికాయల సంచితో కూర్చున్న పెద్దావిడ చేతులు వంగి మరీ చూశాను. అవి బూడిద రంగులో తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆవిడ చెయ్యి చీరకొంగులోకి లాక్కుని, "ఏంటమ్మాయ్, గాజులు చూస్తున్నావా? గిల్టువేలే" అంది. స్టాఫ్ రూములో లెక్కల మేడం చేతులు చాపి, "నావి అచ్చం పచ్చగా ఉన్నాయే, మరి నాది ఏం రక్తం?" అని అడిగింది. అందరివీ తలో రంగులో ఉన్నాయి. అందరికీ దెబ్బ తగిలితే మాత్రం ఎరుపే వస్తుంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇప్పుడు నన్ను పట్టుకుంది. తిండి తింటున్నా అదే, బట్టలు ఉతుకుతున్నా అదే.

మంగళవారం సెలవేదో వస్తే ఆ పొద్దున ల్యాబుకి వెళ్ళాను. పరగడుపున పరీక్షలకు వచ్చినవాళ్ళు బెంచీల నిండా ఉన్నారు. ఒక మూల ఆ అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ల్యాబ్ అక్కతో, "ఏం లేదండి, మీరు ఎవరికైనా తీస్తుంటే పక్కనుంచి చూసి వెళతాను" అన్నాను.

"అలా కుదరదండి మేడం గారూ. వాళ్ళు అసలే ఆకలి మీద ఉన్నారు, ఎవరో నిలబడి తొంగిచూస్తుంటే కంగారుపడతారు. మీ చెయ్యి ఇవ్వండి, ఒక్క నిమిషం. మీ గ్రూపు కూడా చూసేస్తాను."

"నా గ్రూపు నాకు తెలుసండి" అన్నాను చప్పున. ఆ తర్వాత అది నాది కాదని గుర్తొచ్చింది.

వెనక్కి వెళ్ళిపోదామని అనిపించలేదంటే అబద్ధం. కానీ ఆ పిల్ల నన్నే చూస్తోంది. కుర్చీలో కూర్చున్నాను. ల్యాబ్ అక్క మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమంది. వేలితో రెండుమూడు చోట్ల తడిమింది. "మీ నరాలు భయానికి దాక్కున్నాయండి" అంది నవ్వుతూ. నేను మంచినీళ్ళు అడిగాను. తాగాను. ఫ్యాను కాస్త పెంచమన్నాను. పెంచారు. ఇంకేమీ అడగడానికి దొరక్క కళ్ళు మూసుకున్నాను. నా రెండో చేతిని ఎవరో పట్టుకున్నారు. చిన్న చెయ్యి, పెన్ను సిరా అంటిన వేళ్ళు.

"టీచర్, కళ్ళు తెరవండి. చూడకపోతే గుచ్చుకుని ఏం లాభం?" అంది ఆ అమ్మాయి.

తెరిచాను. సూది అప్పటికే లోపల ఉంది, నాకు తెలియనే లేదు. మూత బిగించి ఉన్న ట్యూబులోకి నా రక్తం తనంతట తానే దిగుతోంది. గాలి తగిలే సందే లేదు. నీలం కాదు. అలాగని సినిమాల్లో చూపించే ఎరుపూ కాదు. ఎర్ర గోంగూర కాడ ఉంటుంది చూడండి, కట్ట విప్పినప్పుడు మొదట కనబడే ఆ ముదురు రంగు. అచ్చం అదే. ఎంత బాగుందో అనిపించింది. ఇన్నేళ్ళు నాలో తిరుగుతున్నదాన్ని మొదటిసారి చూస్తున్నానని అనిపించింది. "ఎరుపే" అన్నాను. ఆ తర్వాత ల్యాబు కప్పు మెల్లగా పక్కకి జరగడం గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి బెంచీ మీద పడుకోబెట్టి, ల్యాబ్ అక్క రిపోర్టు కవరుతో విసురుతోంది. పరగడుపున వచ్చినవాళ్ళంతా ఆకలి మరిచి నా చుట్టూ మూగారు. ఆ పిల్ల నా ముఖం మీదికి వంగి ఉంది. "అయితే టీచర్, పడిపోకముందు మీరు ఎరుపే అన్నారుగా?" అంది. పది రోజుల తర్వాత ఆ మాట విన్నాను. పడుకునే తల ఊపాను.

గ్లూకోజు నీళ్ళు తాగుతూ, "మరి పైనుంచి చూస్తే నీలంగా ఎందుకు కనిపిస్తాయంటారు?" అని వాళ్ళమ్మని అడిగాను. "ఏమోనండి. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నాను గానీ నేను రంగు చూసి పట్టుకోను, వేలితో తడిమి పట్టుకుంటాను. అదెప్పుడూ ఆలోచించలేదు" అంది ఆవిడ. 'తెలియదు' అని అంత తేలిగ్గా చెప్పే మనిషిని నేను చూడటం అదే మొదలనుకుంటాను.

మర్నాడు మా ఫిజిక్స్ సార్‌ని పట్టుకున్నాను. పెద్దాయన, రిటైరయ్యాక ఊరికే ఉండలేక మా స్కూల్లో చెప్పేవారు. నేను అడిగింది విని ఒక టార్చిలైటు పట్టుకుని నన్నూ, ఆ పిల్లనీ ఆటసామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశారు. టార్చి మీద ఆ అమ్మాయి వేలు ఆనిస్తే వేలంతా నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. తర్వాత టార్చికి నీలం జిగురుకాగితం చుట్టి మళ్ళీ పెట్టమన్నారు. వేలు చీకటిగానే ఉండిపోయింది, అంచున ఏదో మసక తప్ప.

"చూశారా. ఎర్ర వెలుగు చర్మంలో లోతుకి దిగుతుంది. నీలం పైపైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. చర్మం కింద నరం లేని చోట, లోతుకి దిగిన ఎరుపులో చాలావరకు మళ్ళీ బయటికొస్తుంది. నరం ఉన్న చోట మాత్రం ఆ ఎరుపుని రక్తం కొంత మింగేస్తుంది. అంటే ఆ గీత మీద ఎరుపు తగ్గింది, నీలం తగ్గలేదు. చుట్టూ ఉన్న చర్మంతో పోల్చుకుని మన కన్ను దాన్ని నీలం అనుకుంటుంది" అన్నారు.

"అయితే సార్, చుట్టూ ఉన్న చర్మం కనబడకపోతే?" అంది ఆ పిల్ల.

సార్ ఆమె వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆయన తెల్లకాగితానికి చిన్న చిల్లు పెట్టి, నరం మాత్రమే కనబడేలా నా మణికట్టు మీద పెట్టారు. చిల్లులోంచి చూస్తే నీలం లేదు. ఏదో మట్టి కలిసినట్టు మాసిన బూడిద రంగు. కాగితం తీస్తే నీలం. పెడితే బూడిద. మేము ముగ్గురం బెల్లు కొట్టినా వినకుండా తీస్తూ పెడుతూ కూర్చున్నాం.

ఇక మిగిలింది ప్రిన్సిపాల్ గారు. జరిగిందంతా చెబితే ఆయన చాలాసేపు టేబులు మీద పెన్ను దొర్లించారు. "ఆ పాపకి మార్కు కలపండి. క్లాసులో మాత్రం ఏమీ చెప్పొద్దు మేడం. టీచరు తప్పు చెప్పిందని ఒక్కసారి తెలిస్తే రేపటి నుంచి ప్రతిదానికీ లేచి నిలబడతారు. పైగా ఆ ఎరువుల షాపాయన ఊరుకోడు" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేదని అనలేను. ఇది నా మొదటి ఉద్యోగం. నాన్న పరువు కూడా ఇందులో ఉంది. కానీ మూడో వరసలో ఆ పిల్ల మళ్ళీ నోరు మూసుకుని కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

మర్నాడు క్లాసులో చెప్పేశాను. "నీలం అని నేను చెప్పింది తప్పు. సిరల్లో రక్తం కూడా ఎరుపే, కాకపోతే ముదురు ఎరుపు. నేను చూశాను" అన్నాను. వెంటనే ఎరువుల దుకాణం వాళ్ళబ్బాయి, "మరి మా మార్కులు టీచర్?" అన్నాడు, ఏడుపు గొంతుతో. "నేను చెప్పిందే మీరు రాశారు. మీవి పోవు. తనకి మాత్రం కలుస్తుంది" అన్నాను. ఆ తర్వాత చిల్లు కాగితంతో పాఠం మొత్తం ఆ అమ్మాయే చెప్పింది, నాకన్నా బాగా. పాఠం మధ్యలో ముందు బెంచీ వాళ్ళు నా మోచెయ్యి చూశారు. పడిపోయేటప్పుడు చెయ్యి కదిల్చినట్టున్నాను, సూది గుచ్చిన చోట రూపాయి బిళ్ళంత కమిలి ఊదారంగుకి తిరిగింది. "ఇదెందుకు ఇలా ఉంది టీచర్?" అన్నారు. లోపల రక్తం చిందితే చర్మంలోంచి అలా కనిపిస్తుందని చెబితే నలభై మందికీ అది గుండె బొమ్మ కన్నా నచ్చింది. ఆ రోజు నుంచి నేను క్లాసులోకి రాగానే చెయ్యి చూపించాలి. వాళ్ళు చూసి నల్లబల్ల మూల ఆ రోజు రంగు రాసేవాళ్ళు. ఊదా, నీలం, ఆకుపచ్చ, పసుపు. తొమ్మిదో రోజుకి మచ్చ పోయింది. పిల్లలు నిరుత్సాహపడ్డారు. ఒకడు "మళ్ళీ తీయించుకోండి టీచర్" అని కూడా అన్నాడు.

ఎరువుల షాపాయన నిజంగానే వచ్చారు. ప్రిన్సిపాల్ గారు ఆయనతో ఏం మాట్లాడారో నాకు తెలియదు. మొదటి ర్యాంకు ఇద్దరికీ ఇచ్చారు. ఆయన వెళ్ళిపోయాక నన్ను పిలిపించారు. ఉద్యోగం అయిపోయిందనుకుని వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గరగా వేసి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి" అన్నారు.

నేను మరుసటి ఏడాది బీఈడీకి వెళ్ళిపోయాను. తర్వాత ప్రభుత్వ ఉద్యోగం, వేరే ఊళ్ళు. ఇప్పుడు పిల్లలు అడిగినవాటిలో సగానికి "తెలియదమ్మా, చూద్దాం" అంటాను, అందుకు సిగ్గు కూడా పడను. అమ్మ చీరలో అన్నీ తెలిసినట్టు నిలబడిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది, ఆ ధైర్యం ఎటు పోయిందా అని ఒక్కోసారి బెంగగానూ ఉంటుంది. అప్పుడప్పుడు వేరే ఆలోచన కూడా వస్తుంది. ఆ ఏడాది నేను చెప్పినవాటిలో పట్టుబడింది ఒక్కటే. మిగతావి ఎన్ని ఉన్నాయో. ఆ నలభై మందీ ఈపాటికి ముప్పైకి దగ్గరపడుతుంటారు. గంపలగూడెంలోనో, ఎ.కొండూరులోనో వాళ్ళ పిల్లలని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మా సైన్సు టీచర్ చెప్పిందని అవే నమ్మకంగా చెబుతూ ఉంటారు. ఒంటె మూపురం నిండా నీళ్ళే ఉంటాయని (ఉండేది కొవ్వట) చెప్పడమైతే నాకు బాగా గుర్తు. ఆ రోజు మాత్రం ఎవరూ లేచి నిలబడలేదు. తిరువూరులో ఎవరింట్లోనూ ఒంటె లేదు.